మావ పేరు మీద ఇచ్చిన రక్తం

పోయిన వారం మనం మల్లేశుని, పనివాళ్ల హాజరు వేసే మస్తరు గది గుమ్మంలో, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా ఉండగా, అలాగే నిలబెట్టి వదిలేశాం. పాపం, ఈపాటికి కాళ్లు పీకుతూ ఉంటాయి. మరిచిపోయినవాళ్ల కోసం, ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి అతన్ని అక్కణ్ణించి కదిలిద్దాం.

మల్లేశుకి ఇంకా ముప్పై నిండలేదు. మూడేళ్లుగా టౌను కాలవలు తీస్తున్నాడు గాని, మున్సిపాలిటీ పుస్తకాల్లో మల్లేశు అనేవాడు లేడు. అక్కడున్నది సుందరరావు. ఆయన మల్లేశుకి సొంత మేనమామ, కూతురు గౌరీశ్వరినిచ్చిన మామ కూడా. మోకాళ్లు అరిగి ఆయన కాలవలో దిగలేకపోయేసరికి, రిటైరయ్యేదాకా ఆయన పేరు మీద అల్లుడు పనిచేసేలా ఇంట్లో మాట్లాడుకున్నారు. తాతల నాడు ఆంధ్రా నుంచి వచ్చి ఒడిశా రాయగడ జిల్లాలోని ఆ టౌనులో స్థిరపడినవాళ్ల వీధిలో ఇదేమంత వింత కాదు. పొద్దున్నే మస్తరు గదిలో "సుందరరావు" అని పిలుస్తారు. "హాజర్" అని మల్లేశు పలుకుతాడు. పిలిచేవాడికీ తెలుసు, పలికేవాడికీ తెలుసు.

నెల కిందట పనివాళ్లకి ఆరోగ్య శిబిరం పెట్టారు. మస్తరులో పేరున్న ప్రతివాడూ రక్తం ఇవ్వాలన్నారు. "సుందరరావు" అని పిలవగానే అలవాటు కొద్దీ మల్లేశు చెయ్యి చాపాడు. ఫోను నంబరు అడిగితే మావ నంబరే చెప్పాడు. ఆ నంబరుకి వారం కిందట పెద్దాసుపత్రి నుంచి ఫోనొచ్చింది, మీ ఆవిణ్ణి కూడా తీసుకుని రండి అని. సుందరరావు, అప్పమ్మ వెళ్లి వచ్చారు. వచ్చింది మొదలు అప్పమ్మ మొగుడితో మాట్లాడటం మానేసింది. పదకొండో నంబరు గది ముందు బల్ల మీద ఆ ముసలి జంట కూచుని ఉండగా వీధివాళ్లెవరో చూడనే చూశారు. ఆ గదిలో ఏ రోగాలకి మందిస్తారో టౌనులో అందరికీ తెలుసు. ఇంకేం, మస్తరు గదిలో నవ్వులే నవ్వులు. "అరవై దగ్గర పడ్డాక ముసిలోడికీ సోకులేటిరా!" అని ఒకడంటే మిగతావాళ్లు పగలబడుతున్నారు. ఆ మాట గుమ్మంలో నిలబడ్డ మల్లేశు చెవిన పడింది. అక్కడ ఆగాం.

విని మన కథానాయకుడు ఏం చేశాడని అడుగుతారేమో. ఎగబడి ఎవడి చొక్కా పట్టుకోలేదు. నోరు మూసుకుని వెనక్కి తిరిగినా బాగుండేది, అదీ చెయ్యలేదు. అందరూ తనవైపు చూస్తున్నారని చెప్పి తనూ ఒక నవ్వు నవ్వాడు. చిన్న నవ్వే. కాని నవ్వాడు.

రెండు రోజులు గడిచాయి. మూడోనాడు పదకొండింటికి డ్యూటీ దిగుతుండగా మావ ఫోను చేశాడు. "ట్రాక్టరు తొట్టి కడిగే రేవు కాడున్నాను. రా," అని పెట్టేశాడు.

ఏటి రేవు దాకా నడిచి రావడమంటే సుందరరావుకి మాటలు కాదు. ఎన్నిచోట్ల ఆగి వచ్చాడో, ఒక రాయి మీద కూచుని మోకాళ్లు నిమురుకుంటున్నాడు. శనివారం భజనలో హార్మోనియం ముందు కూచునేటప్పటి ఇస్త్రీ చొక్కానే వేసుకున్నాడు గాని, గడ్డం గీసుకుని వారమైనట్టుంది. మల్లేశుని చూసి లేవలేదు.

"కాళ్లూ సేతులూ కడుక్కుని కూకో," అన్నాడు.

మల్లేశు నీళ్లలోకి దిగి కడుక్కున్నాడు. కడిగిన చెయ్యే మళ్లీ కడిగాడు. ఎంతసేపు కడిగితే అంతసేపు మావ ముఖం చూడక్కర్లేదు.

"ఇంక సాల్లే. మొన్న మస్తరు కాడ నువ్వూ నవ్వేవట."

"ఎవులు సెప్పేరు?"

"ఎవులు సెప్తే ఏటిరా? నవ్వేవా, నేదా?"

మల్లేశు తల దించుకున్నాడు. పారిపోదామంటే చుట్టూ నీళ్లు, ఒడ్డున మావ.

"నవ్వేవు. సర్లే. ఇప్పుడు నాను సెప్పింది ఇను. ఇన్నాక నవ్వొస్తే మల్లీ నవ్వు," అని సుందరరావు చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండుననిపించింది మల్లేశుకి.

"ఆ గదిలో సుభశ్రీ అని ఒక పిల్లున్నాది. మన గౌరి ఈడుంటాది. తలుపేసీసి, కూకో మౌసా అని బాబయ్యని పిలిసినట్టు పిలిసి కుర్సీ ఏసింది. కాయితం సూసి, మౌసా, నీ రగతంలో సిఫిలిస్ ఉన్నాది అంది. మన పెద్దోలు సవాయి అనీవోరే, అదన్నమాట. మీ అత్త నా పక్కనే ఉన్నాది. ముప్పయ్యారేళ్ల కాపరం. పరాయి ఆడదాన్ని కన్నెత్తి సూసినోణ్ణి గాదు. ఆ గదిలో మీ అత్త మొకం సూడనేకపోనాను."

"మావా..."

"ఆగు. ఆ రగతం నాది గాదమ్మా అన్న మాట గొంతు దాకా వొచ్చీసింది. ఎందుకు మింగేనో ఎరికా? నీది గాపోతే ఎవులిది అంటాది. మా అల్లుడిది అనాల. నీకు మారుగా నీ అల్లుడు రగతం ఎందుకిచ్చేడు అంటాది. ఇంకా పద్నాలుగు నెల్లున్నాది నా పింసనుకి. అందుకని మింగీసేను. సూది ఏసీ ముందు ఇంకోపాలి రగతం తీసి సూత్తాను మౌసా అంది ఆ పిల్ల. తీత్తే నాది సుబ్బరంగా వొత్తాది గదా, దొరికిపోతాం. వొద్దమ్మా, రోగం నాదే, పొడిసీ అని దండం ఎట్టేను. నడుం కింద రెండు పక్కలా రెండు సూదులు పొడిసేరు. రెండు రోజులు ఒత్తిగిలి పడుకోనేకపోనాను. నీ రోగానికి నాను సూదులు పొడిపించుకున్నాన్రా, మల్లేసూ."

ఎక్కడో మేకల మెడగంటలు వినిపిస్తున్నాయి. అవతలి ఒడ్డున ఎవరో చీరలు ఉతుకుతున్నారు. వాళ్లకి వినబడుతుందేమోనని మల్లేశు భయపడ్డాడు. ఇంత విన్నాక కూడా ముందు తన పరువే గుర్తొచ్చింది చూడండి.

"నాకేటీ నేదు మావా. నాను సుబ్బరంగానే ఉన్నాను. మిసనీ తప్పయ్యుంటాది," అన్నాడు.

"సేతులు సూపించు."

"ఏటి?"

"అరిసేతులు, సూపించు."

మల్లేశు ఒడ్డుకొచ్చి తడి చేతులు చాపాడు. రెండు అరచేతుల నిండా పప్పుగింజలంత మచ్చలు, ఎర్రమట్టి రంగులో. దురద లేదు, నొప్పి లేదు. ఫిబ్రవరి నుంచీ ఉన్నాయి. అరికాళ్లలోనూ ఉన్నాయి గాని ఆ సంగతి మావకి చెప్పదలచుకోలేదు.

"ఇది బ్లీచింగు మావా. గ్లౌజులు సిరిగిపోయేయి, ఉత్త సేతుల్తో జల్లుతున్నాం గదా," అన్నాడు. ఈ మాట అబద్ధమని అతనికి తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు, అంతే. ఇంట్లో గౌరీశ్వరి అడిగినప్పుడూ ఇదే చెప్పాడు. ఆమె నమ్మి కొబ్బరినూనె రాసింది కూడా.

సుందరరావు తన రెండు చేతులూ తెచ్చి అల్లుడి చేతుల పక్కన పెట్టాడు. కాయలు కాసి, పగిలి, చీపురుకర్రకి అలవాటుపడి వేళ్లు వంకర తిరిగిపోయాయి. మచ్చ మాత్రం ఒక్కటి లేదు.

"ముప్పై రెండేళ్లు జల్లేను బ్లీచింగు. నా కాలంలో గ్లౌజులే నేవు. సూడు," అన్నాడు.

నాలుగు చేతులూ పక్కపక్కన ఉన్నాయి. మల్లేశు చూశాడు. తల కొట్టేసినట్టయింది. చేతులు వెనక్కి లాక్కుని చంకల్లో దాచుకున్నాడు, చలేసినవాడిలాగ. మార్చి ఎండలో చలేమిటి చెప్పండి.

అప్పుడు చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, ఏటివైపు చూస్తూ చెప్పాడు. నవంబరులో కొరాపుట్‌లో పరబ్ పండక్కి ఇక్కణ్ణించి పదిమందిని పనికి పంపారు గదా, పండగ మైదానం ఊడవడానికి. ఇరవై రోజులు లాడ్జిలో ఉన్నారు. ఒక సాయంత్రం అందరూ తాగారు, వెనక వీధిలోకి వెళదామన్నారు. నేను రానంటే నవ్వుతారేమోనని వెళ్లాడు. ఒక్కసారే. ఆమె పేరు కూడా అడగలేదు. ఆ పగలే పండగ మైదానంలో ఆరోగ్యంవాళ్ల స్టాలు దగ్గర ఎవరో అతని చేతిలో కండోమ్ ప్యాకెట్టు ఊరికే పెట్టారు. సంచిలో ఉంటే ఇంటికెళ్లాక గౌరి కంటపడుతుందని భయపడి కాలవలో పారేశాడు. కాలవలు తీసేవాడే, మరి! పెళ్లానికి ప్యాకెట్టు కనబడకూడదనుకున్న మనిషి ఇంటికి రోగాన్ని మోసుకెళ్లాడు.

"నెల్లాళ్లకి ఒక పుండు లేచింది మావా. నొప్పి నేదు, ఏటీ నేదు. పొట్టంగి సంతలో మందులోడి కాడ పూత కొనుక్కున్నాను. పది పన్నెండు రోజుల్లో మానిపోయింది. మానిపోయింది గదా అని..."

"అని గౌరి కాడికెల్లేవు."

సుందరరావు ఇక ఆ మాట ఎత్తలేదు. మావా అల్లుళ్ల మధ్య రాకూడని మాట అది. వచ్చేసింది. ఇద్దరూ చెరోవైపు చూస్తూ కూచున్నారు. గౌరీశ్వరికి ఇప్పుడు ఆరో నెల.

కాసేపటికి మల్లేశే కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు. "గౌరికేటీ కాదు మావా. మూడో నెల్లో ఆసుపత్రిలో అన్ని రగతాలూ తీసేరు గదా, అన్నీ బాగున్నాయన్నారు. నాను పారవతీపురం పోయి గుట్టుగా సూది ఏయించుకుంటాను. ఎవులికీ తెలీదు. నీ ఉజ్జోగానికీ డోకా ఉండదు."

ఆ మాటకి మావ మండిపడతాడనుకున్నాడు. మావ మండిపడలేదు. ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"నానూ అదే అనుకున్నాన్రా. అందుకే నాకు సిగ్గేత్తంది. నా కూతురని తెల్సీ పది రోజులు నోరు మూసుకుని కూకున్నాను, పింసను కోసరం. నిన్న మల్లీ ఆ పిల్ల కాడికెల్లేను. మాకు తెల్సినోలు ఒకలున్నారమ్మా, కడుపుతో ఉన్నాది, మూడో నెల్లో రగతం బాగున్నాది, ఇప్పుడు మొగుడికి ఉన్నాదని తెలిసింది, మరి ఆ పిల్లకి పర్లేదా అని అడిగేను. ఏటందో ఎరికా? మూడో నెల కాయితం మూడో నెల సంగతే సెప్తాది మౌసా, ఇయ్యాల సంగతి సెప్పదు, ఎమ్మటే తీసుకురమ్మను అంది. లోపలి బిడ్డకి కూడా పోతాదట. కడుపులోనే సచ్చిపోవొచ్చట."

మల్లేశు చంకల్లో దాచిన చేతులు బయటికి తీసి చూసుకున్నాడు.

"నా ఉజ్జోగం పోతే పోనీ," అని సుందరరావు లేచాడు. లేవడానికి అల్లుడి భుజం పట్టుకోబోయి, ఆ చెయ్యి వెనక్కి తీసుకుని రాయినే పట్టుకున్నాడు. "మూడేళ్లు నా పేరు మోసేవు. పదిరోజులు నీ రోగం నాను మోసేను. ఆ గదిలోకి మటుకు నీ పేరుతో నువ్వెల్లు. ఈ పూటే ఎల్లు."

మెల్లిగా గట్టెక్కి వెళ్లిపోయాడు. భుజం మీద పడకుండా ఆగిపోయిన ఆ చెయ్యి మల్లేశుకి ఆ తర్వాత చాలా రోజులు గుర్తుండిపోయింది.

పెద్దాసుపత్రిలో పదకొండో గది చివరికంటా ఉంటుంది. దాని ముందు బల్ల మీద కూచోవడమంటే నడివీధిలో బట్టల్లేకుండా నిలబడటమేనని మల్లేశు అభిప్రాయం. తువ్వాలు ముఖానికి చుట్టుకుని, దగ్గొచ్చినవాడిలా నటిస్తూ నిలబడ్డాడు. అప్పుడు తట్టింది. ఈ బల్ల మీదే మావ తువ్వాలు లేకుండా కూచున్నాడు. తన రోగం కాదు గనక దాచుకోవాలని కూడా ఆయనకి తోచి ఉండదు. మల్లేశు తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. సిగ్గు తగ్గి కాదు, ఇంకా పెద్ద సిగ్గు వచ్చి దాని మీద కూచుంది.

లోపల సుభశ్రీ రిజిస్టరు తెరిచింది. ఆ టౌనులో అందరిలాగే ఒడియా, తెలుగు కలిపి మాట్లాడుతుంది.

"పేరు చెప్పు భాయి."

"సుంద..." అని ఆగిపోయాడు. మూడేళ్ల అలవాటు మరి. సర్కారువాళ్లు పేరడిగితే నాలుక దానంతటది అటే పోతుంది. "మల్లేశు," అన్నాడు.

ఆ అమ్మాయి తలెత్తి ఒక్క క్షణం చూసింది. మల్లేశు అనే రాసుకుంది. అతను చేతులు టేబులు కింద దాచుకున్నాడు గాని, ఆమె అడిగేసరికి పైకి పెట్టాల్సి వచ్చింది. చూసింది. అడిగి కొరాపుట్ సంగతి, పుండు సంగతి, పూత సంగతి చెప్పించుకుంది. రక్తం తీయించింది. గంట ఆగమంది. తర్వాత డాక్టరు కూడా చూశాడు. మళ్లీ ఆమె ముందు కూచున్నాడు.

"పుండు మానిపోయిందని రోగం పోయిందనుకున్నావు కదూ? అందరూ అలాగే అనుకుంటారు. దీని తీరే అంత. పుండు నొప్పి పెట్టదు, దానంతటది మానిపోతుంది. నువ్వు రాసిన పూతకి కాదు. రోగం మాత్రం రక్తంలోనే ఉంటుంది. ఈ మచ్చలూ పోతాయి. అప్పుడూ రోగం పోదు. ఏళ్లు గడిచాక గుండెకో మెదడుకో ఎక్కుతుంది. మందు మాత్రం పాతకాలందే, పెన్సిలిన్ సూది. ఇక్కడ ఊరికే ఇస్తాం. నీది అంటుకుని ఏడాది కాలేదు, ఈ ఒక్క పూట సూదులతో సరిపోతుంది. మూడు నెలలకి వచ్చి మళ్లీ రక్తం చూపించుకోవాలి. హెచ్ఐవీ కూడా చూశాం, లేదు. దానికీ మళ్లీ ఒకసారి చూడాలి."

మల్లేశు వింటున్నాడు గాని ఒక మాట లోపల కెలుకుతోంది. "మస్తరుకి తెలుస్తాదా, మేడమ్? కేంపులో ఎవులికేటి వచ్చిందో..."

"ఎంతమందికి పరీక్ష చేశామన్న లెక్కే వాళ్లకి వెళ్తుంది. ఎవరికి ఏమొచ్చిందో వెళ్లదు. ఈ రిజిస్టరు ఈ బీరువా దాటదు."

అంటే మావ దేనికి భయపడి నోరు కుట్టేసుకున్నాడో, దేనికి దండం పెట్టి సూదులు పొడిపించుకున్నాడో, ఆ భయానికి ఆధారమే లేదన్నమాట. ఆ గదిలో ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే, ఆమె ఆ రోజే గౌరిని పిలిపించి ఉండేది. పది రోజులు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మా మావ..." అన్నాడు.

ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పను. ఎవరి సంగతీ. మీ ఆవిడకి కూడా నీ సంగతి నేను చెప్పను. అందుకే నువ్వే చెప్పాలి. ఎన్నో నెల?"

నెల అడిగిందంటే, నిన్న మావ అడిగింది ఎవరి గురించో ఆమెకి అర్థమైపోయే ఉంటుందని అతనికి తెలిసింది. "ఆరు," అన్నాడు, దాదాపు వినబడకుండా.

"అయితే టైముంది. కాన్పుకి కనీసం నెల ముందే తల్లికి సూది పడితే బిడ్డ చాలామట్టుకు బతికి బయటపడుతుంది, బాగుంటుంది. ఎంత ముందు పడితే అంత మంచిది. రేపు పొద్దున తొమ్మిదికి తీసుకురా. ఇద్దరికీ మందు పూర్తయి, నేను సరేననేదాకా దూరంగా ఉండండి. ఆ తర్వాత కూడా కండోమ్ లేకుండా వద్దు. ఇవిగో, తీసుకో. వీటిని కాలవలో పారెయ్యకు."

మల్లేశు ఉలిక్కిపడ్డాడు. "నీకెలగ తెలిసింది, మేడమ్?"

"చాలామంది అక్కడే పారేస్తారు భాయి," అంది. నవ్వలేదు.

"ఆవిడ ఎవరో నీకు గుర్తుందా? కొరాపుట్‌లో ఆవిడ?" అని మళ్లీ తనే అడిగింది.

"పేరు అడగనేదు."

"ఎక్కడో చెప్పు, అక్కడివాళ్లకి కబురు పెడతాను. ఆవిడకి మాత్రం ఎవరో ఇచ్చిందే కదా. ఆవిడకీ సూది పడాలి."

ఇన్ని నెలల్లో ఆ మనిషికి కూడా ఒంట్లో బాగుండకపోవచ్చునని మల్లేశుకి ఒక్కసారీ తోచలేదు. తిట్టుకోవడానికే ఆమెని గుర్తు చేసుకున్నాడు. ఆ సంగతి తలుచుకుని మళ్లీ సిగ్గుపడ్డాడు. వీధి గుర్తులు చెప్పాడు.

రెండు పక్కలా రెండు సూదులు. కాలవలో గాజుపెంకు దిగినా కిక్కురుమనని మనిషికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రాత్రికి జ్వరం రావచ్చు, కంగారు పడకు అన్నారు. కుంటుకుంటూ బయటికొచ్చాడు. మావ ఈ నడక నడిచి, పక్కన మాట్లాడని పెళ్లాంతో, ఇంటిదాకా వెళ్లి ఉంటాడు.

దారిలో ఏం చెప్పాలో నాలుగు రకాలుగా కూర్చుకున్నాడు. గౌరి మెత్తటిది, ఏడుస్తుంది, తిట్టదు. నాలుగు రోజులుగా ఏ పండగా లేకుండా గోరింటాకు పెట్టుకుని ఎర్రెర్రటి చేతులతో తిరుగుతోంది, కడుపుతో ఉన్నదాని ముచ్చట అనుకున్నాడు. ముందు అన్నం తినేసి చెప్పాలా, చెప్పేసి తినాలా అని కూడా ఆలోచించాడు. మగవాడి ఆలోచన ఎక్కడిదాకా పోతుందో చూడండి.

ఇంటి గుమ్మంలోనే అప్పమ్మ సంచి కనబడింది. మావ ఇల్లూ తన ఇల్లూ మధ్య ఒకటే గోడ. అత్త ఈ ఇంట్లో కూతురి దగ్గర కూచుని, కళ్లొత్తుకుంటోంది. గౌరి చేటలో చిక్కుడుగింజలు ఒలుస్తోంది.

"మూడింటి బస్సుకి గుణుపూర్ ఎల్లిపోతున్నాను బాబూ, మా సెల్లికాడికి," అంది అప్పమ్మ. "ఈ వయసులో ఈ సిగ్గు నాను పడనేను. నీళ్ల కుళాయి కాడికెల్తే అందరూ మాటాపేత్తన్నారు. మీ మావని నువ్వు సూసుకో. అమ్మీ, నీ పురిటికి వొత్తాన్లే. అప్పుడైనా ఆ మనిసి నా ఎదటికి రాకుండా సూడు."

"ఊరుకోమ్మా," అంది గౌరి, చేటలోంచి తలెత్తకుండా.

దారంతా కూర్చుకున్న నాలుగు రకాల మాటలూ ఎటో పోయాయి. మల్లేశు గోడవారన చాప మీద కూచోబోయి, కూచోలేక, ఒక పక్కకి ఒరిగాడు. ఏడుస్తున్న అప్పమ్మ ఆగింది. పదిరోజుల కిందట తన మొగుడు ఆసుపత్రి నుంచి వచ్చి అచ్చం ఇలాగే కూచోవడం ఆమె కళ్లారా చూసింది.

"ఎల్లకత్తా," అన్నాడు మల్లేశు. "మావ ఏ తప్పూ సెయ్యనేదు. ఆ రగతం మావది గాదు. కేంపులో మావ పేరు మీద నానిచ్చేను. అది నాది."

బయట కుళాయి దగ్గర బిందెల చప్పుడు వినిపిస్తోంది. అప్పమ్మ చెయ్యి పైకి లేచింది. కొడుతుందనుకుని మల్లేశు కళ్లు మూసుకున్నాడు. దెబ్బ పడితే బాగుండునని కోరుకున్నాడు కూడా. పడలేదు. కళ్లు తెరిచేసరికి అత్త తనని చూడటం లేదు. కూతుర్ని చూస్తోంది, కూతురి కడుపుని చూస్తోంది. ఎత్తిన చెయ్యి తన నోటికే అడ్డం పెట్టుకుంది.

గౌరి చేట పక్కన పెట్టింది. ఏడవలేదు. నేల మీద చెయ్యి ఆనించి లేచి, వచ్చి, మల్లేశు ఎదురుగా కూచుంది. అతని కుడిచెయ్యి తీసుకుని వెల్లకిలా తిప్పింది. దాని పక్కన తన చెయ్యి పెట్టింది, పొద్దున్న వాళ్ల నాన్న పెట్టినట్టే. గిన్నెలు తోమగా తోమగా గోరింటాకు వెలిసిపోయింది. వెలిసిన ఎరుపు కింద పప్పుగింజలంత మచ్చలు, ఒకటి, రెండు, అరచెయ్యంతా.

"ఇయి బ్లీచింగు మచ్చలన్నావు. నమ్మేను. నూనె రాసేను. నాకూ లేచేసరికి నీతో సెప్పడానికి బయమేసి గోరింటాకెట్టుకున్నాను," అంది గౌరి. రెండో చెయ్యి కడుపు మీద పెట్టుకుంది.

"నానెప్పుడు ముట్టుకున్నాను బావా, బ్లీచింగు?"